ఒక్క లైనుకు పదహారు సంతకాలు

నిఘంటువులో మిగిలిపోయిన చిట్టచివరి కార్డు పదింటికల్లా ఇచ్చేసి, మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచేయాలని సహాయ సంపాదకుడు పొద్దున్నే అనుకున్నాడు. ఇంగ్లీషు మాట టైడ్. తెలుగులో ఆటుపోటు, స్పానిష్‌లో మరేయా. రాసింది ఒక్క లైను. పదకొండేళ్ళ చాకిరీకి ఫలంగా ఈసారి లోపలి పేజీలో అతని పేరు వేస్తామన్నారు.

"ఈసారైనా వేస్తారా?" అంది భార్య, అతని చొక్కాకి బొత్తాం కుడుతూ.

"ఈ కార్డు చేరితే వేస్తారు."

ఆ ఆఫీసులో ఓ ఆచారం ఉంది. కార్డు మీద సంతకం పెట్టే ప్రతి పెద్దమనిషీ, చదివినట్టు రుజువుగా, తన వంతు ఓ అర్థం చేర్చాలి. దానికి స్పానిష్ మాట వెతికే పని సహాయ సంపాదకుడిది. తక్కినవాళ్ళకు స్పానిష్ రాదు. రాదని ఒప్పుకునే అలవాటూ లేదు.

మొదటి పండితుడు పోటు చేర్చాడు. మనవాడు పక్కన ప్లెయమార్ అని రాశాడు. రెండో ఆయన ఆటు చేర్చాడు. బహమార్. అంతవరకు న్యాయమే. మూడో ఆయన అల చేర్చాడు.

"అల వేరు కదండీ?"

"స్పానిష్‌లో అలకి మాట లేదా?"

"ఉంది. ఓలా."

"ఉన్నది రాయడానికి ఏడుపేమిటయ్యా? సంతకం కావాలా, వద్దా?"

రాశాడు. అల వచ్చింది గనక నురగ కావాలన్నారు. నురగ వచ్చాక ఒడ్డు లేకపోతే బాగుండదన్నారు. చివరికి గుమాస్తా కూడా ఓ చెయ్యి వేసి ఉప్పు చేర్చాడు. తిలాపాపం తలా పిడికెడు. మూడింటికి పదహారు సంతకాలు పూర్తయ్యేసరికి కార్డుకు మరో నాలుగు కార్డులు గుచ్చారు. మనవాడి కడుపులో ఎలకలు పరుగెడుతున్నాయి.

అప్పుడు ప్రెస్సు నుంచి ఫోనొచ్చింది. పేజీలో ఒక్క లైనుకే చోటుందట.

ప్రధాన సంపాదకుడు ఎర్ర పెన్ను తీసి, చేర్చిన పదహారూ కొట్టేశాడు. మిగిలింది పొద్దుటి లైను. అక్షరం మారలేదు. సహాయ సంపాదకుడికి పదకొండేళ్ళలో మొదటిసారి గర్వంగా అనిపించింది. ఆ గర్వం పేర్ల జాబితా చూసేదాకా ఉంది. అందులో పదహారు పేర్లున్నాయి. అతనిది లేదు.

"నా పేరండీ?"

"అర్థం చేర్చినవాళ్ళవే వేస్తున్నాం. నువ్వు చేర్చలేదు కదా, రాశావు."

"వాళ్ళవన్నీ కొట్టేశారు కదండీ."

"అందుకే పేర్లైనా ఉండనిద్దామయ్యా. పెద్దవాళ్ళు, బాధపడతారు. నీ లైను ఎలాగూ ఉంది."

అతనికి చచ్చేంత కోపం వచ్చింది గానీ, అది ఎవరి మీద చూపించాలో పదకొండేళ్ళలో నేర్చుకోలేదు. తల ఊపాడు.

ఆ పదహారు పేర్లనూ లోపలి పేజీ స్పానిష్ అచ్చు కోసం తప్పుల్లేకుండా రాసిపెట్టే పని, ఆ భాష వచ్చినవాడు గనక, అతనికే ఇచ్చారు.