బిళ్ళ తెస్తేనే పిల్ల

సైకిలుకున్న భద్రత కన్నబిడ్డకి లేదే అని కుమిలిపోతున్న తల్లిదండ్రులకి శుభవార్త! భవానీపురంలో ఆ లోటు తీరిపోయింది.

నవ్వకండి. మ్యాట్నీకి వెళ్ళినప్పుడు సైకిల్ని ఎక్కడ పడితే అక్కడ పారేసి పోతామా? స్టాండులో పెడతాం. తాళం వేస్తాం. నంబరున్న రేకు బిళ్ళ జేబులో వేసుకుని, ఇంటర్వెల్లో ఒకసారి ఆ జేబు తడిమి చూసుకుంటాం. మరి పిల్లాణ్ణో? పొద్దున బడి మెట్ల మీద దింపేసి, సాయంత్రం అటుగా వచ్చే ఎవరో ఒకరు తోలుకురాకపోతారా అని నిశ్చింతగా ఉంటాం. వచ్చినవాడు మనవాడేనా అని అన్నం వడ్డించేటప్పుడు గానీ చూసుకోం!

ఈ అన్యాయాన్ని మొట్టమొదట గుర్తించిన మహానుభావుడు అక్కడి బడి హెడ్మాస్టరు తిరుపతిరావు గారు. ఎమర్జెన్సీ పుణ్యమా అని రైళ్ళే టైముకి వస్తున్న రోజులు. అలాంటప్పుడు బడి మాత్రం వెనకబడి ఉంటే ఎలా?

పైగా అప్పుడే పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని వదంతి బయల్దేరింది. ఉయ్యూరు దగ్గర చెరకు బండిలో, గడల మధ్య ఒక పిల్లాణ్ణి దాచి తీసుకుపోయారట. ఎవరి పిల్లాడంటే చెప్పినవాళ్ళకి తెలీదు. కొండపల్లి నుంచి బుట్టతో వచ్చిన బొమ్మలాయన్ని జనం బస్సులోంచి దింపి మరీ బుట్ట విప్పించారు. లోపల దశావతారాలు వరసగా పడుకుని ఉన్నాయి. విప్పడంలో ఒక అవతారానికి చెయ్యి విరిగిందని ఆయన లబోదిబోమంటుంటే, పిల్లల విషయంలో జాగ్రత్త మంచిదేగా అని అందరూ కలిసి ఆయనకే నచ్చజెప్పారు.

బడికి రెండు లోపాలుండేవి. ముందు గేటు లేదు. వెనక గోడ ఉంది గానీ, ఉందని గట్టిగా అనడానికి లేదు. చివరి గది వెనక గోడ మట్టితో కట్టిన పాత ఇటుక గోడ. అది కప్పు నుంచి నేల దాకా నిలువునా బీటలిచ్చింది. దాని అవతల మురుగు కాలవ. ఆ గదిలో రెండో తరగతి చెప్పే జీవరత్నం టీచరు గోడ సంగతి చూడమని హెడ్మాస్టరు గారిని అడుగుతూనే ఉంది.

"గోడ ఎక్కడికి పోతుందమ్మా? పోయేది పిల్లలు. ముందు గేటు చూద్దాం," అన్నారాయన.

ఎంత ముందుచూపు! చందాలు పోగయ్యాయి. ఆటోనగర్లో గేటు తయారైంది. రెండు రెక్కలు, రెక్కకో సింహం ముఖం, పైన బాణం మొనలు, పచ్చరంగు. ఊళ్ళో పెద్ద పెద్ద ఇళ్ళకి కూడా అలాంటి గేటు లేదు. వెనక గోడకి మాత్రం సున్నం కొట్టించారు. దాంతో బీట ఇంకా స్పష్టంగా కనబడసాగింది.

గేటుంటే సరా? తెరవడానికీ మూయడానికీ ఒక పద్ధతి ఉండాలి. అందుకోసం తిరుపతిరావు గారు ఏ పోలీసాఫీసర్నీ పిలవలేదు. సినిమా హాలు పక్కన సైకిల్ స్టాండు నడిపే కాశింకి కబురు పెట్టారు.

కాశిం కూతురు వజీరా ఆ బడిలోనే రెండో తరగతి. ముందు పళ్ళు రెండూ ఊడి, నవ్వొచ్చినప్పుడల్లా అరచెయ్యి అడ్డం పెట్టుకునే పిల్ల. పిల్లేం అల్లరి చేసిందోనని భయపడుతూ వెళ్ళిన కాశింని కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, "కాశిం గారూ" అన్నారు హెడ్మాస్టరు. పండగ రోజున, పెద్ద హీరో సినిమా విడుదలైన రోజున కూడా ఆయన స్టాండులో ఒక్క సైకిలైనా పోలేదని విన్నామనీ, ఆ విద్యేదో బడికి కూడా ప్రసాదించమనీ అడిగారు. హెడ్మాస్టరు కుర్చీలో కూర్చునేవాళ్ళు తనని "గారూ" అని పిలుస్తారని కాశిం కలలో కూడా అనుకోలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, భార్య ఫక్రున్నీసా చేత రెండు చొక్కాలు ఇస్త్రీ చేయించుకున్నాడు.

ఆయన పెట్టిన రూల్సు మూడే. పిల్లకో నంబరు, నంబరుకి రెండు రేకు బిళ్ళలు. ఒకటి ఎర్రదారంతో పిల్ల మెడలో, ఒకటి పెద్దవాళ్ళ దగ్గర. రెండు కలిస్తేనే గేటు తెరుచుకుంటుంది. పెద్దవాళ్ళు త్వరగా వచ్చే పిల్లలు ముందు వరసలో, ఆలస్యమయ్యేవాళ్ళు వెనక వరసలో, అంటే చివరి గదిలో కూర్చోవాలి. ఇక మూడోది స్టాండుల్లో అనాదిగా ఉన్న న్యాయం. బిళ్ళ పోగొట్టుకున్నవాడు ఆట వదిలాక అందరూ వెళ్ళేదాకా ఆగాలి. ఆఖర్న మిగిలిన సైకిలే వాడిది.

గేటు మీద బోర్డు కూడా వేలాడింది. "బిళ్ళ తెస్తేనే పిల్ల." ఆ మాట కాశిందే. ప్యూను బాలశౌరిని తన స్టాండులో వారం రోజులు నిలబెట్టి ట్రైనింగిచ్చాడు. బాలశౌరి సున్నితమైన మనిషి, ఎవరన్నా గట్టిగా అడిగితే కాదనలేడు. వారం తిరిగేసరికి సొంత మేనమామ వచ్చినా బిళ్ళ లేకుండా సైకిలివ్వనంత పనిమంతుడయ్యాడు.

ఇక చూడండి సౌఖ్యం! ఇదివరకు గంట కొట్టగానే బడి ఒక్క ఊపులో ఖాళీ అయిపోయేది. ఇప్పుడు పిల్లల్ని ఒక్కొక్కర్నే బయటికి తెచ్చేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. ఆ క్యూలో ఎన్ని పెళ్ళి సంబంధాలు కుదిరాయి, ఎన్ని ఆవకాయ కొలతలు చేతులు మారాయి! భద్రతతో పాటు సంఘసేవ కూడా.

చిన్న చిన్న పొరపాట్లు జరగలేదని కాదు. ఒకాయన కొడుకు కోసం వచ్చి, తొందరలో సినిమా హాలు సైకిల్ స్టాండు బిళ్ళ అందించాడు. నంబరు సరిపోయింది. బాలశౌరి ఆ నంబరు పిల్లాణ్ణి ఇచ్చేశాడు. ఆయన పరధ్యానంగా తీసుకుపోయాడు. ఆ పిల్లాడు పేచీ పెట్టకుండా వెళ్ళి, ఆ ఇంట్లో పులిహోర తిని, రాత్రికి సొంత ఇల్లు చేరాడు. రేపు కూడా అక్కడికే పంపమని వాళ్ళమ్మ దగ్గర మారాం చేశాడట. ఆయన అదే సాయంత్రం స్టాండులో బడి బిళ్ళ ఇచ్చి ఎవరిదో కొత్త సైకిలు తెచ్చుకున్నాడనుకోండి, అది వేరే కథ.

బిళ్ళ పోయిందన్న ఒక తల్లిని, పోనీ ఆనవాళ్ళు చెప్పమన్నాడు బాలశౌరి. రంగేమిటి? కొత్తదా, పాతదా? ఎక్కడైనా సొట్టలున్నాయా? పిల్లాడి నుదుటి మీద ఒక సొట్ట ఉందని ఆవిడ ఒప్పుకుంది. ఒప్పుకున్నా లాభం లేకపోయింది, చివరిదాకా ఆగాల్సి వచ్చింది. రూలు రూలే కదా!

ఈ వైభవం మధ్యలో జీవరత్నం టీచరు ఒకరోజు కాశింని చివరి గదికి తీసుకెళ్ళింది. వెనక వరస పిల్లలు ఆ గోడకి ఆనుకుని కూర్చుని ఎక్కాలు చెప్పుకుంటున్నారు. ఆవిడ బీట చూపించింది. కాశిం చెయ్యి పెట్టి చూశాడు. మణికట్టు దాకా వెళ్ళింది. అవతలి గాలి వేళ్ళకి తగిలింది. హెడ్మాస్టరు గారు ఇప్పుడు మీ మాట వింటున్నారు, ఒక్కమాట చెప్పండి అని ఆవిడ బతిమాలింది. కాశిం నొచ్చుకున్నాడు.

"నాది గేటు వరకే టీచరు గారూ," అన్నాడు.

ఆవిడ మరి అడగలేదు. ఆనుకుని కూర్చున్న పిల్లల్ని మాత్రం ఇవతలికి జరిపింది. నిపుణులెప్పుడూ తమ హద్దు దాటరు. అందుకే వాళ్ళని నిపుణులంటారు!

శ్రావణమాసంలో రెండు రోజులు వాన విడవకుండా కొట్టింది. మూడో రోజు సాయంత్రం కాశిం కూతురి కోసం గేటు దగ్గరికొచ్చి జేబులో చెయ్యి పెట్టాడు. జేబు ఖాళీ. బిళ్ళ నిన్నటి చొక్కాలో ఉంది. ఆ చొక్కా ఫక్రున్నీసా సబ్బునీళ్ళలో ఉంది.

ఫరవాలేదనుకుని బాలశౌరికేసి చూసి నవ్వాడు. బాలశౌరి నవ్వలేదు. బిళ్ళ అడిగాడు. నేనయ్యా, కాశింని అన్నాడు ఈయన. తెలుసన్నాడతను.

"రూలు మీరు పెట్టిందే కదండీ. అందర్నీ పంపించాక మిగిలిన పిల్ల మీదే."

తను తీసిన గోతిలో తనే పడడమంటే ఇదే. కాశిం పక్కకి తప్పుకుని గొడుగు కింద నిలబడ్డాడు. ఆ రోజు ఆయనలాంటి వాళ్ళు చాలామందే ఉన్నారు. వానకి కొందరు రాలేదు, కొందరు ఆలస్యమయ్యారు. చివరి గది పిల్లలతో నిండింది. వజీరా అక్కడే ఉంది.

కాశింకి ఉన్నట్టుండి తన వేళ్ళకి తగిలిన గాలి గుర్తొచ్చింది. రెండు రోజుల వాన ఆ సందులోంచి దిగుతూనే ఉంటుందన్న సంగతీ తట్టింది. గేటు పట్టుకుని, పిల్లల్ని ఆ గదిలోంచి ఇవతలికి తెమ్మన్నాడు. వెనక వరస పిల్లల్ని ముందుకి తెస్తే నంబర్లు కలిసిపోతాయన్నాడు బాలశౌరి. ముందు తాళం తియ్యమన్నాడు కాశిం. ప్రతిసారీ తాళంచెవి సార్ దగ్గరే తీసుకోవాలి, అడిగొస్తానని అతను ఒక్క అడుగు వేశాడో లేదో, వెనకవైపున పెద్ద చప్పుడైంది. నేల అదిరింది. తర్వాత వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

కాశిం గేటుని ఊపాడు. మోకాలు పెట్టి నెట్టాడు. ఎక్కబోతే బాణం మొన అరచేతిలో దిగింది. ఆటోనగర్ వాళ్ళ పనితనాన్ని మెచ్చుకోవాలి, గేటు ఇసుమంతైనా కదల్లేదు. ఎన్ని సైకిళ్ళు కాపాడిన మనిషి! ఆ ఇనప కమ్మీలకి నుదురానించి, దేవుణ్ణి ఒకే ఒక్క పిల్లని అడిగాడు. బిళ్ళ లేకుండానే అడిగాడు.

వెనక నుంచి ఎవరో చొక్కా లాగారు.

వజీరా. నిలువెల్లా తడిసి, మెడలో ఎర్రదారంతో నిలబడి ఉంది. వెనక జీవరత్నం టీచరు, ఆవిడ చీర కొంగూ ఒకరి చేతులొకరూ పట్టుకుని మిగతా పిల్లలు. మట్టి రాలడం చూసి ఆవిడ పిల్లల్ని తలుపు వైపుకి లాగేసింది. గోడ కాలవ వైపుకి కూలింది. కప్పు కూడా దిగుతుందేమోనని, వరండాలోకి తీసుకెళ్తే గేటుకి తాళముందని, ఆ కూలిన చోటి నుంచే దాటించి కాలవ గట్టు వెంబడి నడిపించుకొచ్చింది.

కాశిం కూతుర్ని ఎత్తుకున్నాడు. చేతి నెత్తురు పిల్ల గౌనుకంటింది. ఆయన ఏడ్చాడు, దాచుకోలేదు.

"అటు పడింది కాబట్టి సరిపోయింది కాశిం గారూ," అంది జీవరత్నం. "ఇటు పడుంటే మీ బిళ్ళలు చూసి గుర్తుపట్టాల్సి వచ్చేది."

గేటు లోపల, ఖాళీ బడిలో, తాళంచెవి పట్టుకుని బాలశౌరి ఒక్కడే నిలబడి ఉన్నాడు.

ఇంతకీ, పద్ధతి విఫలమైందనుకుంటున్నారా? అదే మీ పొరపాటు! మర్నాడు బడి కమిటీ సమావేశమైంది. గోడ పడడం దైవికమనీ, అయినా ఇంత ఉపద్రవంలో కూడా బిళ్ళ లేకుండా ఒక్క పిల్లవాడు కూడా గేటు దాటలేదనీ ఏకగ్రీవంగా హర్షం వెలిబుచ్చారు. అక్షరాలా నిజం. గేటు దాటలేదు! గేటుకి రెండో తాళం మంజూరైంది. గోడ సంగతి వచ్చే సమావేశానికి వాయిదా పడింది. కాశింకి శాలువా కప్పుదామని కబురు పెడితే ఆయన రాలేదు.

ఆయన ఇప్పుడు గేటు దగ్గరికే రావడం లేదు. మ్యాట్నీ సైకిళ్ళు బావమరిదికి అప్పజెప్పి, బడి వదిలే వేళకి గోడ కూలిన చోట కాలవ గట్టున నిలబడుతున్నాడు. పిల్లలకి తెలివెక్కువ, గేటు దగ్గర క్యూలో నిలబడేవాళ్ళు తగ్గిపోయారు. అటు వచ్చినవాళ్ళని ఆయన చెయ్యి పట్టుకుని గట్టు దాటించి, వీధి మలుపు దాకా దిగబెట్టి వస్తాడు. నంబరు అడగడు. పేరు అడుగుతాడు.

భద్రతా వ్యవస్థ దీన్ని సహిస్తుందా? "బడి వెనక అనుమతి లేని వ్యక్తి పిల్లల చేతులు పట్టుకుంటున్నాడు, తల్లిదండ్రులు జాగ్రత్త వహించాలి" అని గేటుకి నోటీసు వేలాడింది. తిరుపతిరావు గారు గొడుగేసుకుని స్వయంగా వెళ్ళి, ఇది రూల్సుకి విరుద్ధమని కాశింకి మర్యాదగానే చెప్పారు.

"గోడ కట్టించండి సార్. ఆ రోజే నా స్టాండుకి నేను వెళ్ళిపోతా," అన్నాడు కాశిం.

తిరుపతిరావు గారు ధర్మాత్ములు. రాత్రంతా ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టారు. కాశిం మెడలో వేసుకుంటే అనుమతి ఉన్నట్టేనని, కొత్త నంబరు వేయించి రెండు బిళ్ళలు బాలశౌరి చేత పంపారు. కాశిం వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒకదాన్ని కూలిన గోడలోంచి పొడుచుకొచ్చిన ఇటుకకి ఎర్రదారంతో కట్టాడు. రెండోది బాలశౌరి చేతిలో పెట్టాడు.

"ఇది సార్‌కివ్వు. గోడ ఆయనది. వచ్చి తీసుకునేదాకా నేను కాపలా ఉంటానని చెప్పు."

వానాకాలం అయిపోయింది. చలికాలం కూడా వచ్చేసింది. బిళ్ళ ఆ ఇటుకకే వేలాడుతోంది. సార్ ఇంకా రాలేదు.