కొసరు తూటా

మన విశ్వవిద్యాలయానికి గురి కుదిరింది. ఈ శుభవార్త తార్నాక చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ ద్వారా ప్రజలకు అందింది. ఫ్లెక్సీలో మన వైస్ ఛాన్సలర్ పెద్దసారు ఫొటో ఉంది. ఆయన కింద డీన్లు, డీన్ల కింద సమితి సభ్యులు, వాళ్ల కింద వాళ్లకు శుభాకాంక్షలు చెప్పేవాళ్లు. అట్టడుగున, తాడు కట్టిన మూలలో, కొత్త రైఫిల్ గొట్టం కొన మాత్రం కనబడుతుంది. దాన్ని పేల్చాల్సిన పిల్ల ఫొటోకు జాగా చాలలేదు. ఎంత పెద్ద ఫ్లెక్సీ అయినా ఎక్కడో ఒక చోట అయిపోవాలి కదా.

ఆ పిల్ల పేరు భాగ్య. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉంటుంది. తండ్రి లక్ష్మయ్య వర్క్‌షాపులో ఫిట్టర్. చదువుకుంటూనే సగం పూట అంబర్‌పేట్‌లో ఒక చీరల దుకాణంలో నిలబడుతుంది. విశ్వవిద్యాలయం తరఫున గురిపోటీలకు పోవడానికి ఆమెకు ఇదే ఆఖరి ఏడు, ఆ తరువాత వయసు దాటుతుంది. క్యాంపస్ షూటింగ్ రేంజిలో జరిగే ఎంపిక పోటీలో నెగ్గితే జాతీయ శిబిరానికి పోతుంది. నెగ్గకపోతే చీరల దుకాణంలో పూర్తి పూట నిలబడుతుంది. కోచ్ ఉద్యోగం చాలా కాలంగా ఖాళీగా ఉన్నందువల్ల ఆమె శిక్షణకు ఎవరూ అడ్డురాలేదు.

రైఫిల్ విదేశం నుంచి వచ్చింది. రాగానే పూజ జరిగింది. గొట్టానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. కొంత కుంకుమ గొట్టం లోపలికి కూడా పోయింది. దాన్ని తుడిచినందుకు భాగ్యను పిలిచి మందలించారు.

కొన్న తూటాలతో కాల్చి చూస్తే గుండ్లు గురి అట్ట మీద పెళ్లిలో చల్లిన అక్షింతల్లాగా పడ్డాయి. తుపాకిమందు సంగతి గనుక భాగ్య పోయి రసాయన శాస్త్రం ఆచార్యులు బుచ్చిబాబు గారికి చెప్పుకుంది.

“రైఫిల్‌ది తప్పు కాదు సార్. దీనికి ఏ తూటా పడ్తదో మనమే చూస్కోవాలె. మందు ఇంత ఇంత మార్చుకుంట చేత్తోని నింపి కాలుస్త. ఏది ఒక్కతాన గుంపు పడ్తదో గదే ఖాయం. గాని నింపినవన్నీ అచ్చం ఒక్కతీరు ఉండాలె.”

“చేత్తోనా? మిషనూ గట్రా లేదూ?”

“చెయ్యి పెట్టి నొక్కే మిషనే సార్. చిన్న త్రాసు గూడ ఉన్నది.”

అనుమతులు వచ్చాయి. రైఫిల్ సముద్రం దాటి వచ్చిన దానికన్నా, అవి ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు రావడానికి ఎక్కువ కాలం పట్టింది. భాగ్య సాయంత్రాలు రేంజి పక్క గదిలో కూర్చుని నింపింది, కాల్చింది. మందు ఇసుమంత పెంచింది, మళ్లీ కాల్చింది. మందు కదపకుండా గుండు దిగే లోతు మార్చి చూసింది. గాలి వీచే రోజు ఏమీ చేయకుండా ఇంటికి పోయింది. చివరికి పాళ్లు కుదిరాయి. అట్ట మీద పడ్డ చిల్లులన్నిటినీ ఒక్క రూపాయి బిళ్ల కప్పేసింది.

అసలు సమస్య ఇక్కడ మొదలైంది. ఏమంటే, సమస్య తీరిపోయింది.

అప్పటికే ఆ సమస్య కోసం ‘ఏకరూప తూటా సాధన సమితి’ ఏర్పడి ఉంది. అధ్యక్షులు బుచ్చిబాబు గారు కాకినాడ వైపు వారు గనుక, ఉపాధ్యక్షులుగా జనగామ వైపు వారైన భౌతిక శాస్త్రం కమలాకర్ గారిని వేసి రెండు వైపులా న్యాయం చేశారు. తుపాకి శబ్దం చేస్తుంది గనుక సంగీత శాఖ నుంచి కాత్యాయని గారిని తీసుకున్నారు. ఇంతమంది పెద్దలు ఇంకా టీ కూడా తాగకముందే ఒక ఆడపిల్ల పని ముగించేయడం ఏం మర్యాద?

కమలాకర్ గారు ఆమెను ఎంతో ఆప్యాయంగా అడిగారు. “ఒక్కదానివే నింపినవ్. ఒక్కదానివే కాల్చినవ్. ఒక్కదానివే కొలిచినవ్. గిట్లయితే ప్రజాస్వామ్యం ఏడున్నది బిడ్డా?”

ప్రజాస్వామ్యం లోపించిన ఆ తూటాలను డబ్బాతో సహా తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. తరువాత బుచ్చిబాబు గారు సమితిని ఉద్దేశించి ప్రసంగించారు.

“చేత్తో నింపే తూటాకి చెయ్యే ప్రధానమండీ. మా తాతగారు ఉత్త శొంఠిపొడి ఇచ్చినా జ్వరం దిగిపోయేది. పొడి అందరిదీ ఒకటే, హస్తవాసి వేరు. శొంఠికి వర్తించింది తుపాకిమందుకి వర్తించదా అని సభాముఖంగా అడుగుతున్నాను!”

సభ వర్తిస్తుందని తీర్మానించింది. హస్తవాసి గల పెద్దలంతా తలా ఒక తూటా నింపాలనీ, గుడిలో పంకా రెక్కల మీద దాతల పేర్లు రాసినట్టు ప్రతి తూటా మీదా నింపినవారి పేరు చెక్కించాలనీ, పోటీలో అవి మాత్రమే పేల్చాలనీ నిర్ణయం జరిగింది.

నింపే కార్యక్రమం ఆడిటోరియంలో, సన్నాయి మధ్య జరిగింది. త్రాసు దగ్గర భాగ్యను నిలబెట్టారు. మొదట పెద్దసారు మందు పోశారు. ముల్లు నిలిచింది.

“సరిపోయింది సార్. ఇగ చాలు.”

పెద్దసారు నవ్వి, పైన ఒక చిటికెడు వేశారు. అది కొసరు. తార్నాకలో కూరగాయల బండామె కూడా తూకం అయ్యాక నాలుగు పచ్చిమిరపకాయలు పైన వేస్తుంది. అంత పెద్ద విశ్వవిద్యాలయం ముల్లు దగ్గర చెయ్యి వెనక్కి తీసుకుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు? బుచ్చిబాబు గారు చిటికెడున్నర వేశారు. కమలాకర్ గారు తన ప్రాంతాన్ని తలచుకుని రెండు వేశారు. కాత్యాయని గారికి అసలే పెట్టే చెయ్యి.

“మేడం, గిది చారు కాదు కొసరేస్తందుకు!” భాగ్య ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. “ఎక్కువైతే తుపాకి పగుల్తది. నా మొకం గాడనే ఉంటది, దాని పక్కకే.”

“శుభమా అని నింపుతుంటే అవేం మాటలమ్మా? నోరు మంచిదైతే అన్నీ మంచే జరుగుతాయి,” అని కాత్యాయని గారు ఇంకొంచెం వేశారు.

పోటీ రోజున రేంజి వెనక షామియానా, సోఫాలు, శాలువాలు ఏర్పాటయ్యాయి. తెల్ల గుడ్డ పరిచిన పళ్లెంలో తూటాలు వచ్చాయి. ఎంపిక చేసే అధికారి బయటి నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. లక్ష్మయ్య సెలవు పెట్టి వచ్చి తాడు అవతల నిలబడ్డాడు.

భాగ్య పడుకుని రైఫిల్ భుజానికి ఆనించింది. ఒక తూటా తీసి అరచేతిలో తిప్పి చూసింది. పెట్టేసింది. ఇంకొకటి తీసింది. అదీ పెట్టేసింది. లేచి నిలబడింది.

“నేను కాల్చ సార్. నా డబ్బా నాకియ్యుండ్రి, ఇప్పుడే కాలుస్త.”

సన్నాయి ఆగింది. కమలాకర్ గారి గొంతులో బాధ పలికింది. “పెద్దమనుషులు చేతులార నింపిన్రు బిడ్డా. నమ్మకం లేదా?”

“మీకున్నది కద సార్. ఇగో, దీని మీద మీ పేరే ఉన్నది. రాండ్రి, మీరే కాల్చుండ్రి.”

మర్యాదలో మన క్యాంపస్‌ను మించినది లేదని ఆ పూట రుజువైంది. తనకన్నా పెద్దవారుండగా తాను ముందు కాల్చడం బాగుండదని కమలాకర్ గారు బుచ్చిబాబు గారికి చెయ్యి చూపించారు. స్త్రీలకు అగ్రస్థానం ఇవ్వాలని బుచ్చిబాబు గారు కాత్యాయని గారి వైపు తిరిగారు. కాత్యాయని గారు సంస్థకు అధిపతి ఎవరని సూటిగా ప్రశ్నించారు. సంస్థ అధిపతికి మీటింగు గుర్తొచ్చింది. ఈ మర్యాదలు నడుస్తుండగానే సోఫాలు ఒకటొకటిగా వెనక్కి జరిగాయి. రైఫిల్ ఒక్కటే ముందు మిగిలింది.

“గా పిల్ల డబ్బా పిల్లకియ్యుండ్రి సార్, పుణ్యముంటది!” తాడు అవతల నుంచి లక్ష్మయ్య అరిచాడు.

ఆయన దగ్గర పాసు లేదని తేలింది. బయటికి పంపారు.

బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో సమితి చర్చిస్తుండగా పోటీ సమయం అయిపోయింది. అధికారి ‘పాల్గొనలేదు’ అని రాసుకుని లేచాడు. భాగ్య రైఫిల్‌ను తుడిచి పెట్టెలో పెట్టింది. తండ్రి స్కూటర్ వెనక కూర్చుని లాలాగూడకు పోయింది. ఇప్పుడు అంబర్‌పేట్‌లో పొద్దున్నుంచే కనబడుతుంది. చీర మడత మాత్రం అంచుకు అంచు కలిసేలా పెడుతుందట.

క్రమశిక్షణ లేనందున ఆమె పేరు జట్టు నుంచి కొట్టేశారు. తూటాలను అద్దాల పెట్టెలో పెట్టి లైటు వేశారు. ఆ సందర్భంగా జరిగిన సభకు తార్నాక, లాలాపేట్‌ల నుంచి కూడా జనం వచ్చారు. మీరు వచ్చారు. నేనూ వచ్చాను. బుచ్చిబాబు గారు నివేదిక చదివారు.

“ఈ ఏటి ఎంపిక పోటీలో మన విశ్వవిద్యాలయం తూటా ఒక్కటి కూడా గురి తప్పలేదని తెలియజేయడానికి గర్విస్తున్నాను!”

అసలు ఒక్కటీ పేలలేదు కదా అని మీకు తట్టింది. నాకు తెలుసు, ఎందుకంటే మీరు పక్కనున్న నా వైపు చూశారు. నేను చప్పట్లు కొడుతున్నాను. మీరూ మొదలుపెట్టారు.