తువ్వాలు కింద నాలుగు వేళ్లు

ఏడేళ్లు దాటిన ఏ మోటారు బండినైనా అమ్మాలంటే, బండికీ దాన్ని నడిపిన మనిషికీ కలిపి వెల కట్టాలన్నది ఆ జిల్లాలో నిబంధన. ఎవరి అరుగుదల ఎవరిదో విడదీయడం కుదరడం లేదని అధికారులు చెప్పారు. జనం సరేనన్నారు. ఉమ్మడి వెల యాభై వేలకు తగ్గితే ఇద్దరినీ తుక్కు కింద రాసేస్తారు.

ఎల్లాజీ సముద్రపు ఒడ్డున తన ఎర్ర ఏటీవీ మీద పర్యాటకులను ఇసుకలో తిప్పేవాడు. ఆ నాలుగు చక్రాల బండి అమ్మేసి, వచ్చిన డబ్బుతో బజ్జీల బండి పెట్టుకోవాలని అతని కోరిక. బండి వయసు పదకొండేళ్లు, అతనిది నలభై ఆరు. వెల కట్టే రోజు పొద్దున్నే భార్య పైడితల్లి బండిని నూనెగుడ్డతో తుడిచి, మొగుడికి తలంటు పోసింది.

వెల నిర్ణయ కార్యాలయంలో అధికారి పట్నాయక్ గారు. లంచం ముట్టరు. అందుకే ఆయనంటే అందరికీ భయం. బండిని జాకీ మీద లేపి చక్రాలు ఊపి చూశారు. తర్వాత ఎల్లాజీని బల్లమీద పడుకోబెట్టి మోకాళ్లు ఊపి చూశారు. రెండు చోట్లా ఒకే చప్పుడు వచ్చిందని రాసుకున్నారు.

"బండికి కొత్త చైను వేయించావు, బేరింగులు మార్చావు. బాగుంది. మరి నీకేం మార్చావు?"

"నాకేటి మారస్తానండీ బాబూ? నడుం నొప్పెడితే ఓ మాత్తరేసుకుంతాను."

"సామాను దొరకలేదా?"

"నా మోడలుకి రావట్లేదంటండి."

బండికి డెబ్బై వేలు కట్టారు. మనిషి తరుగు కింద ఇరవై కొట్టేశారు. సరిగ్గా యాభై. ఎల్లాజీకి పోయిన ప్రాణం లేచివచ్చింది.

ఇక మిగిలింది తువ్వాలు. పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు కదా, ఆ పద్ధతినే పారదర్శకత కోసం ఇక్కడా పెట్టారు. వేలికి పదివేలు. అధికారి కట్టిన వెలకు యజమాని తన వేళ్లతో ఒప్పుకోవాలి. తువ్వాలు కింద చేతికి తగిలిందే తుది ధర.

ఎల్లాజీ తువ్వాలు కింద కుడి అరచెయ్యి బారజాపాడు. పట్నాయక్ గారు తడిమి చూసి, నాలుగు అని రాసుకున్నారు. ఏటీవీకి యాక్సిలరేటర్ కుడి బొటనవేలి దగ్గర ఉంటుంది. పదకొండేళ్లు దాన్ని నొక్కి నొక్కి ఆ వేలు అరచేతిలోకి ముడుచుకుపోయి, ఇక తెరుచుకోవడం మానేసింది.

"అయిదండీ బాబూ! బొటనేలు ముడుసుకుపోనాది గానీ ఉందండి. తువ్వాలు తీసి సూడండి!"

"తువ్వాలు తీస్తే అది బేరం కాదయ్యా."

"పోనీ ఎడం సెయ్యెడతానండి."

"మొదటి చెయ్యే చెల్లుతుంది."

పట్నాయక్ గారు నిజంగానే బాధపడ్డారు. బాధపడుతూనే నలభై వేలని రాసి, తుక్కు ముద్ర వేశారు.

తుక్కు యార్డులో బండి మధ్యాహ్నానికల్లా విడివిడిగా అమ్ముడైపోయింది. ఇంజను ఒకరు, చక్రాలు ఒకరు, సీటు ఇంకొకరు పట్టుకెళ్లారు. వచ్చిన డబ్బు యార్డు రుసుముకు సరిపోయింది. ఎల్లాజీలో మాత్రం ఏ భాగానికీ గిరాకీ రాలేదు. మేనేజరు అతని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఏం చెయ్యాలో తోచక గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఒంటికి నీలం చొక్కా, చేతికి కర్ర ఇచ్చాడు. పన్నెండు గంటల డ్యూటీ, నెలకు తొమ్మిది వేలు, సెలవుల్లేవు.

మొగుణ్ని తుక్కులో రాశారని వినగానే పైడితల్లి బోరుమంది. జీతం సంగతి తెలిశాక కళ్లు తుడుచుకుని కారేజీ కట్టింది. ఆ ఆదివారమే పక్కవీధి ఆటోడ్రైవరు సన్యాసిరావు అరడజను అరటిపళ్లు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు.

"బావా, నన్ను కూడా తుక్కులో రాయించీవా? ఎవుల్ని కలవాలో సెప్పు."

ఎల్లాజీ అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

"ఎవుల్నీ కలవక్కర్నేదురా. ఇంకో రెండేళ్లు ఆటో తోలు. ఆళ్లే రాసేత్తారు."