వాన జింక నియమావళి

భూమండలంలో జింకలకు నియమావళి రాసిన తొలి విద్యాసంస్థ మా వట్లూరు వైపు ఉంది. పేరు చెప్పను. (బోర్డు మీద కూడా పేరు చిన్నది, ర్యాంకులు పెద్దవి.) మా అమ్మాయి క్రిస్టినా అందులో రెండో తరగతి చదువుతోంది కాబట్టి, ఈ చారిత్రక ఘట్టాన్ని దగ్గరుండి చూసే భాగ్యం నాకు దక్కింది.

డిసెంబరు మొదటి సోమవారం స్కూలు యాప్‌లో సర్క్యులర్ వచ్చింది. క్రిస్మస్ సందర్భంగా ప్రతి విద్యార్థీ రెయిన్‌డీర్ బొమ్మ గీసి, రంగులు వేసి, కత్తిరించి, అట్టకు అంటించి, నిలబెట్టి, ఫొటో తీసి అప్‌లోడ్ చేయవలెను. జింక ఆమోదం పొందిన వారే వేడుకనాడు వేదిక ఎక్కుటకు అర్హులు. కింద యాక్టివిటీ కోఆర్డినేటర్ ఫణికిరణ్ గారి సంతకం ఉంది. ఆయన చాలా శ్రద్ధ గల మనిషి. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు ఇబ్బంది పడకూడదని, రెయిన్‌డీర్ పక్కనే బ్రాకెట్లో తెలుగు కూడా రాశారు: వాన జింక.

ఇంకొకరైతే అక్కడితో ఆగేవారు. ఫణికిరణ్ గారు ఆగలేదు. బుధవారం రెండో సర్క్యులర్ దిగింది. వాన జింక అన్నాక వాన తప్పనిసరి గనుక, జింక చుట్టూ కనీసం ఏడు నీలిరంగు చుక్కలు ఉండవలెను. ఏడుకు తగ్గితే అనావృష్టి, ఇరవై దాటితే అతివృష్టి. రెండూ తిరస్కరించబడును. గొడుగు ఐచ్ఛికం. శుక్రవారం మూడోది: గొడుగు పట్టిన జింకల విషయంలో, గొడుగు కింద చుక్కలు కనిపించరాదు. గొడుగు ఎంత వెడల్పు ఉండాలని తల్లిదండ్రుల గ్రూపులో ఎవరో అడిగితే, పదిహేను మంది దండాల బొమ్మలు పెట్టి ఊరుకున్నారు.

నేను పన్నెండేళ్లుగా ఏలూరులో ఒక ఆఫీసులో అర్జీలు చూసే సీట్లో కూర్చుంటున్నాను. జతపరిచిన కాగితాన్ని జతపరచలేదని తిప్పి పంపడం నా ఉద్యోగం. అంచేత మూడు సర్క్యులర్లనూ వృత్తి గౌరవంతోనే చదివాను.

మా ఇంట్లో సమస్యల్లా క్రిస్టినా ఆ వేదిక ఎక్కి తీరాలి. మా అమ్మ సువార్తమ్మ గణపవరం చర్చిలో నలభై ఏళ్లు సండే స్కూలు నడిపింది. గొర్రెల కాపరుల దగ్గరికి దూత వచ్చిన పదకొండు వచనాలూ మనవరాలికి ఫోన్లోనే నేర్పింది. పిల్ల అన్నం తింటూ అవే, బూట్లు వేసుకుంటూ అవే, స్కూటర్ మీద నా వెనక కూర్చుని అవే. వేదిక మీద మనవరాలు చెబుతుంటే ముందు వరసలో కూర్చుని వినాలని అమ్మ పది రోజుల ముందే బస్సెక్కి వచ్చేసింది. వచ్చాక సర్క్యులర్లు చదివి వినిపించాను.

"ఒరే సుకుమారూ, బైబిలు వాక్యంలో దుప్పి ఉంది గానీ, అది పశువుల తొట్టె దాకా ఎప్పుడూ రాలేదురా," అంది. "అయినా డిసెంబర్లో వానేమిటి? చేలల్లో కుప్పలు తడిసిపోవూ?"

"సర్క్యులర్‌లో ఉందమ్మా."

"అయితే సరే," అంది అమ్మ. (నలభై ఏళ్లు హాజరు పుస్తకం రాసిన మనిషి.)

ఆదివారం చర్చి నుంచి రాగానే క్రిస్టినా వరండాలో క్రేయాన్లు పరుచుకుని కూర్చుంది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. రెండు గంటల తర్వాత పిలిచి చూపించింది. దాని జన్మలో జింకను చూడలేదు, కొల్లేరు గట్టు మీద గేదెల్ని మాత్రం బాగా చూసింది. కాబట్టి జింక నిగనిగలాడే నల్లరంగులో ఉంది. కొమ్ములు ఎండు తుమ్మ కొమ్మల్లా ఎటు పడితే అటు పోయాయి. వెనక పసుపు రంగులో వరి కుప్ప. వీపు మీద తెల్లకాగితం మడిచి అంటించిన కొంగ.

"కొంగెందుకమ్మా?"

"లేకపోతే దానికి పురుగులెవరు తీస్తారు నాన్నా?"

"మరి వాన?"

"కుప్పలున్నాయిగా. మామ్మ వద్దంది."

జింక కాస్త ఎడమకు ఒరిగినా దర్జాగా నిలబడింది. నాకు ఎంత ముచ్చటేసిందంటే, నియమావళి మరిచిపోయి అలాగే అప్‌లోడ్ చేసేశాను. మర్నాటికి జవాబు వచ్చింది.

"తిరస్కరించబడినది. కారణాలు: వాన చుక్కలు, సున్నా. అదనపు పక్షి, ఒకటి. బొమ్మ చిన్నపిల్లలు చేసినట్లున్నది."

పన్నెండేళ్ల సర్వీసులో అలాంటి మూడో కారణం నేనూ రాయలేకపోయాను. అసూయపడాల్సినవాణ్ణి. కానీ పక్కనుంచి క్రిస్టినా, "కొంగను తీసేస్తే వచనాలు చెప్పనిస్తారా నాన్నా?" అని అడిగింది. నాకు ఒళ్లు మండి, ఆఫీసుకి సెలవు పెట్టి స్కూలుకి వెళ్లాను.

"రండి సుకుమార్ గారూ, కూర్చోండి. మంచినీళ్లు తీసుకుంటారా?" అన్నారు ఫణికిరణ్ గారు.

"అది వాన జింక కాదండీ. మంచు దేశాల్లో తిరిగే జింకండీ. స్పెల్లింగు కూడా వేరండీ."

"అవునండీ, నేనూ మొన్ననే చూశానండి," అన్నారాయన, ఏమాత్రం తొణకకుండా.

"మరి మార్చలేదేమండీ?"

"అప్పటికే ఆరువందల జింకలు ఆమోదం అయిపోయాయండి. ఇప్పుడు వాన ఆపేస్తే వాళ్లందరిదీ తప్పయిపోతుంది కదండీ. అయినా మంచు కరిగితే నీళ్లే కదండీ."

"మా అమ్మాయి ఎవరి సాయం లేకుండా సొంతంగా చేసిందండి."

"చూడగానే తెలిసిందండి," అన్నారు జాలిగా. "పోనీ, ఓసారి బస్టాండు దగ్గర వెంకట్రాజు గారిని కలవండి."

వెంకట్రాజు గారిది జిరాక్సు షాపు. డిసెంబర్లో మాత్రం జింకల షాపు. నేను స్కూలు పేరు చెప్పగానే లోపలి అలమర వైపు తిరిగారు.

"మీది వాన స్కూలండీ. తాడేపల్లిగూడెం వాళ్లందరికీ వాన లేకుండానే పంపుతున్నామండి," అన్నారు. "చెవి ఒకటి కాస్త వంకరగా పెట్టమంటారా? పిల్లలు చేసినట్టు నమ్మకంగా ఉంటుందండి."

"మరీ పిల్లలు చేసినట్టు ఉండకూడదటండీ."

"తెలుసండీ. పిల్లలు చేసినట్టు పెద్దవాళ్లు చేసినట్టుండాలి. అదే మన స్పెషల్ అండీ."

గోధుమరంగు జింక, పన్నెండు చుక్కలు, ఒక చెవి వంకర. దాంతోపాటు యాప్‌లో ఒక డిక్లరేషన్ ఉంది: "ఈ జింకను మా బిడ్డ ఎవరి సహాయమూ లేకుండా స్వయంగా తయారుచేసినదని ధ్రువీకరిస్తున్నాను." టిక్కు పెట్టాను. పదకొండు నిమిషాల్లో ఆమోదం వచ్చింది. క్రిస్టినా కొత్త జింకను చుట్టూ తిప్పి చూసి, "ఇది నాది కాదుగా," అంది. "ఫొటో వరకేలేమ్మా," అన్నాను. అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. కొంగ జింక ఫొటోకే ఆమోదం వచ్చిందనుకుని ఆవిడ దాన్ని టీవీ మీద పెట్టుకుంది; జింకల్ని కూడా తెచ్చి ఇమ్మంటే వేడుక ముందురోజు నేను స్కూల్లో ఇచ్చింది ఇంకోటని ఆవిడకి తెలియదు.

వేడుకనాడు కరస్పాండెంటు ఈశ్వరప్రసాద్ గారు స్వయంగా మైకు పట్టుకున్నారు. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. క్రిస్టినా పేరు పిలిచారు. వచనాలు మొదలుపెట్టే ముందు ఆయన బల్ల మీది జింకల్లోంచి మా వంకర చెవి జింకను ఎత్తి సభకు చూపించారు.

"ఈ ఏడాది ఉత్తమ వాన జింక ఇదేనండి. ఇంత చక్కగా ఎవరు చేశారమ్మా?" అంటూ మైకు పిల్ల నోటి ముందు పెట్టారు.

క్రిస్టినా ముందు మామ్మ వైపు చూసింది. అబద్ధం ఆడకూడదని దానికి నేర్పింది ఆవిడే. తర్వాత నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఎవరికీ కనిపించనంత చిన్నగా ఊపాననుకున్నాను గానీ, దానికి కనిపించింది.

"నేనేనండి," అంది.

హాలంతా చప్పట్లు. తర్వాత పదకొండు వచనాలూ ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. అమ్మ మాత్రం కళ్లజోడు తీసి, అది పరిశుభ్రంగానే ఉన్నా, చీర చెంగుతో తుడుస్తూ కూర్చుంది. నాకు సిగ్గేసింది.

సాయంత్రం యాప్‌లో గ్రేడ్లు పడ్డాయి. యాక్టివిటీ: ఎ. వచనాలు: బి (సమయం మించినది). నైతిక విలువలు: ఎ ప్లస్. ఆ ఎ ప్లస్ పక్కన ఫణికిరణ్ గారు కారణం కూడా రాశారు: "ప్రశ్న అడిగిన వెంటనే తొందరపడక, తండ్రి వైపు చూసి, 'అండీ' చేర్చి సరియైన సమాధానం చెప్పినది."