మూడు కుర్చీల ఎత్తు

ఆదివారం ఉదయం రఘువీర్ నిద్ర లేచేసరికే పథకం సిద్ధంగా ఉంది. పదకొండింటికి ఇంటి యజమానురాలు మార్తా వస్తుంది. కరోనా నిబంధనల పుణ్యమా అని ఆ మే నెలలో అతిథులకు ఇంట్లోకి ప్రవేశం లేదు, పెరట్లో మాత్రం కూర్చోబెట్టవచ్చు. కూర్చోబెట్టి, పెసరట్టు పెట్టి, లీజు ఇంకో ఏడాది పొడిగించమని అడగాలి. కాదందంటే ఐర్లాండులోని ఈ అత్లోన్‌ ఊళ్ళో మరో అద్దె ఇల్లు దొరకడం గగనమే. అందుకే ఒకదాని మీద ఒకటి పేర్చుకునే ఇనప కుర్చీలు, ముచ్చటైన పసుపు రంగువి, మూడు తెప్పించాడు.

"ముందా కుర్చీలు విడదీసి వెయ్యండి," అంది భార్య లోహిత.

"రెండు నిమిషాల పని. ఈలోగా కిటికీ మీద బూజు దులిపేస్తా," అని రఘువీర్ పేర్చిన కుర్చీల మీదకే ఎక్కాడు. ఎనభై కిలోల మనిషి. కింద కటుక్కుమంది. దిగి లాగితే మూడూ కలిసే లేచాయి.

జంకడం రఘువీర్ జాతకంలో లేదు. కొబ్బరినూనె మైక్రోవేవ్‌లో కరిగించి సందుల్లో పోసి, దర్జాగా స్నానానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆ చలికి నూనె తెల్లగా గడ్డకట్టి సందులన్నీ పూడ్చేసింది.

"రోజూ తలకి రాసుకునేది మీరేగా! ఇక్కడ పేరుకుంటుందని తెలీదూ?"

"నా ఐడియా కరెక్టే. ఈ దేశం వెదరే తేడా," అంటూ అప్పడాలకర్ర అందుకున్నాడు. ఆ మోత వీధి చివరిదాకా వినిపించింది.

పదిన్నరకే పక్క గేటు తోసుకుని, చేతికర్ర ఊతంగా మార్తా వచ్చేసింది. మాస్కు పైన కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి.

"పక్కింటాయన ఫోన్ చేశాడు. నా గోడలు పగలగొడుతున్నారట!"

"లీజు గోవిందా," అని గొణిగింది లోహిత. రఘువీర్ మాత్రం నవ్వు చెదరనివ్వకుండా, ఇరుక్కుపోయి ఒకే ఎత్తుపీటలా తయారైన ఆ మూడు కుర్చీలనే చూపించి, "కూర్చోండి," అన్నాడు.

మార్తా వంగే పని లేకుండా హాయిగా కూర్చుంది. ఒకసారి కుర్చీని తడిమి చూసుకుంది. ఆమె గొంతు మారిపోయింది.

"రెండు నెలల క్రితం నాకు తుంటి ఆపరేషన్ అయింది. ఎత్తుగా ఉన్నవాటి మీదే కూర్చోమన్నారు. నా కన్నకూతుళ్ళకే ఆ ధ్యాస లేదు. పొద్దుటినించీ ఆ మోత ఇందుకేనా?"

రఘువీర్ తడుముకోలేదు. "మీకు సౌకర్యంగా ఉండాలి కదండీ."

లోహిత చటుక్కున పెనం దగ్గరికి వెళ్ళిపోయింది, నవ్వు కనబడకుండా.

మార్తా రెండు పెసరట్లు తిని, అల్లం పచ్చడి ఘాటుకి కళ్ళు తుడుచుకుని, "గ్రాండ్!" అంది. రఘువీర్ లీజు ఇంకో ఏడాది అనగానే, "ఏడాదేమిటి, రెండేళ్ళు ఉండండి. ఇకమీద ప్రతి ఆదివారం వస్తాను. ఈ కుర్చీని మాత్రం కదపకండి."

ఆమె వెళ్ళగానే రఘువీర్ మీసం దువ్వాడు. "చూశావా, ప్లాన్ అంటే ఇదీ!"

"చూశాను. ఎండకి ఆ నూనె కరిగి, ఆవిడ కుర్చీతో సహా జారితేనో?"

ఆ వేసవంతా ఐర్లాండు మొత్తమ్మీద మబ్బు పట్టాలని మొక్కుకున్నవాడు రఘువీర్ ఒక్కడే.