క్రిస్మస్ తాత బొజ్జ మీద చుక్క

ఆ రోజు పొద్దున్నే రొయ్యల రైతు సమాధానం వేసుకున్న పథకం చాలా చిన్నది. చీకటి పడ్డాక రొయ్యల గుంట కట్ట మీద కూర్చోవడం, దొంగను పట్టుకోవడం, ఇంటికొచ్చి పడుకోవడం.

చిట్టమూరు దగ్గర అతనికి ఒకే ఒక్క గుంట ఉంది. క్రిస్మస్ నెల మొదలైన దగ్గర్నుంచి అందులో రొయ్యలు మాయమవుతున్నాయి. నోరుజారి కాపలాదారు హజరత్తయ్యనే దొంగన్నట్టు ఒక మాట అన్నాడు. పదేళ్ళుగా ఆ గుంటను కన్నబిడ్డలా చూసుకున్న మనిషి అలిగి బట్టలు సర్దుకున్నాడు.

"ఈ రాత్రికి దొంగ దొరక్కపోతే తెల్లారే మా ఊరు సంగం పోతుండానన్నా. ఆడ మడి దున్నుకుని బతుకుతా."

అప్పట్నుంచి సమాధానానికి అన్నం సయించడం లేదు, ఒక్క క్రిస్మస్ క్యారల్స్ పాడుతూ ఊరు తిరిగే బృందం భోజనాల్లో తప్ప. పాటలయ్యాక ఆ బృందంలోని ప్రసాద్ ఇంట్లో పెట్టే వేపుడు మాత్రం ఎంత దిగులులోనైనా మూడుసార్లు దిగేది.

దొంగను పట్టేందుకు ఆన్‌లైన్‌లో చీకట్లో చూసే అద్దాలూ, అరచేతిలో ఇమిడే లేజరూ తెప్పించాడు. అసలది తుపాకీకి బిగించుకోవలసింది. తుపాకీ లేదు గనక వెదురు కర్రకు రబ్బరు బ్యాండ్లతో కట్టాడు.

"దీని చుక్క మామూలు కంటికి ఆనదే. ఈ అద్దాల్లోంచి చూస్తేనే కనపడతాది," అన్నాడు భార్య రెబెక్కమ్మతో.

"అద్దాలు ఎన్ని కొన్నావయ్యా?"

"ఒక్కటే."

"మరి నువ్వు గురిపెట్టినావని దొంగకెట్టా తెలస్తాది?"

సమాధానం ఆ సంగతి ఆలోచించలేదు. ఆలోచించనందుకు కోపం వచ్చి, టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

రాత్రి అద్దాల్లో లోకమంతా పచ్చగా కనిపించింది. కట్ట మీద పదిమంది వరసగా, చప్పుడు చేయకుండా వస్తున్నారు. చివర ఒక బొజ్జ మనిషి, భుజాన మూట.

"ఒక్కడనుకుంటే పటాలమే దిగింది గదరా నాయనా!" అని సమాధానం కర్ర ఎత్తాడు. "ఆగండి! మూటోడా, నీ బొజ్జ మీద చుక్క పెట్టినా. కదిలితే చూడు!"

పక్కనున్న హజరత్తయ్య కళ్ళు చికిలించాడు. "యాడన్నా చుక్క?"

"అదుగో, కళ్ళు పెట్టుకుని చూడు!"

"నాకు చీకటే కనపడుతుండాదన్నా."

అంతలో లాంతరు వెలిగింది, డప్పు మోగింది, పాట మొదలైంది. సడి చేయకుండా వచ్చి ఒక్కసారిగా పాట ఎత్తుకోవడం ఆ క్యారల్స్ బృందానికి ఏటా అలవాటే. సమాధానం సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ సిగ్గులో లేజరు ఆర్పడం మరిచాడు. చేతిలో కర్ర గజగజ వణుకుతోంది.

బృందంలో ఫోనుతో వీడియో తీస్తున్న ఎవాంజెలిన్ కెవ్వుమంది. "క్రిస్మస్ తాత బొజ్జ మీద నక్షత్రం!"

అందరూ బొజ్జ చూశారు, ఏమీ లేదు. ఫోను చూశారు, ఉంది. మన కంటికి ఆనని వెలుగు ఫోను కంటికి ఆనుతుందని పాపం ఆ గుంపులో ఎవరికీ తెలియదు. "స్తోత్రం!" అన్నారెవరో.

క్రిస్మస్ తాత వేషంలో ఉన్న ప్రసాద్ ఎడమకు జరిగాడు. సమాధానం నోరు తెరుచుకుని అటే తిరిగాడు, చుక్కా తిరిగింది. కుడికి జరిగినా వదల్లేదు. ప్రసాద్ మోకాళ్ళ మీద పడ్డాడు.

"ప్రభువా, నేనే! రోజూ అందరికంటే వెనకబడి గుంటలో వలేసినా. ఇప్పుడూ గుంట ఆ చివర వలేసే వస్తుండా, మూటలో రొయ్యలే ఉండాయి!"

మూట విప్పితే చాక్లెట్ల కింద నుంచి రొయ్యలు ఎగిరెగిరి పడ్డాయి.

సమాధానం హజరత్తయ్య చేతులు పట్టుకున్నాడు. "తప్పయిపోయింది అబ్బయ్యా. సంగం పోబాక." హజరత్తయ్య కళ్ళు తుడుచుకుని తలూపాడు. ఇక సమాధానానికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"ఒరే ప్రసాదూ, ఇన్నాళ్ళూ నా రొయ్యలు యాడ అమ్మినావురా?"

"ఒక్కటి గూడా అమ్మలేదన్నా. రోజూ భోజనాల్లో వేపుడు చేసి పెట్టినా. మూడుసార్లు అడిగి పెట్టించుకున్నది నువ్వే గదన్నా!"

హజరత్తయ్య సమాధానం చేతిలోని కర్ర మెల్లగా అందుకుని, తీరిగ్గా అతని బొజ్జకే గురిపెట్టాడు. ఎవాంజెలిన్ ఫోనులో చుక్క ఈసారి వణకలేదు.