నీలం పట్టాల చెరువు

మనుషులు ఎక్కడున్నారో తెలుసుకోవడానికి అన్నిటికన్నా మంచి మార్గం వాళ్ల దగ్గరికి వెళ్లకపోవడమేనని నగర ప్రణాళికా శాఖ ఎట్టకేలకు కనిపెట్టింది. దగ్గరికి వెళ్తే వాళ్లు మాట్లాడతారు. కొందరైతే కుర్చీ వేసి మంచినీళ్లు కూడా ఇస్తారు. దానివల్ల సర్వే నిష్పాక్షికత దెబ్బతింటుంది. అందుకని ఇకమీదట పేదలుండే పేటలన్నిటినీ ఉపగ్రహం తీసిన ఫొటోల్లోంచే గుర్తించాలని తీర్మానించారు. ఈ పనికి ఊర్ధ్వవీక్షణ విభాగం అని ఒకటి ఏర్పాటు చేసి, దాన్ని కార్యాలయం నేలమాళిగలో పెట్టారు (పై అంతస్తుల్లో ఖాళీ లేదు). ప్రభుత్వానికి కళ్లు నెత్తికెక్కాయని గిట్టనివాళ్లు అంటూ ఉంటారు. అది తప్పు. అంతకంటే చాలా పైకి ఎక్కాయి.

మా పేటకీ ఫొటో తీశారు. పద్ధతి చాలా తేలిక. బూడిదరంగులో ఉంటే రేకుల ఇల్లు, ఎర్రగా ఉంటే పెంకుటిల్లు, పచ్చగా ఉంటే చెట్టూచేమా, నీలంగా ఉంటే నీరు. ఇంత స్పష్టమైన నిబంధన నేనింతవరకూ చూడలేదు. మా పేటలో వానకి కారని ఇల్లు లేదు కాబట్టి అందరం పైన టార్పాలిన్ పట్టాలు కప్పుకున్నాం. బజార్లో దొరికేవి నీలం రంగువే. దాంతో మా పేట మ్యాపులో చెరువైంది. నగరంలో చెరువులు తరిగిపోతున్నాయని బెంగపెట్టుకున్న కమిషనరు గారు ఈ కబురు విని ఆ పూట హాయిగా భోంచేశారని చెప్పుకున్నారు.

(ఈ వ్యాసం ఆ చెరువు నట్టనడుమ నుంచి రాస్తున్నాను. అద్దె గది. గాలి బాగానే వస్తుంది.)

ముందుగా చేపల శాఖవాళ్లు వచ్చారు. చెరువులో వదలడానికి చేపపిల్లల్ని తెచ్చి, సందుల్లో కాసేపు తిరిగి, చివరికి ఒక బకెట్టు నీళ్లుంటే ఇస్తారా అని మమ్మల్నే అడిగారు. మా దగ్గర లేవు. తర్వాత పేట మొగలో "ఇచ్చట ఈత కొట్టరాదు" అని బోర్డు పాతారు. అదీ బాగానే ఉంది, ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. అసలు దెబ్బ తర్వాత తగిలింది. పేటలోకి వేస్తామన్న కుళాయి గొట్టాన్ని మెయిన్ రోడ్డు దగ్గరే ఆపేశారు.

అందరికన్నా ఎక్కువ కుంగిపోయింది మా పక్కింటి మిషను అత్త. బట్టలు కుడుతుంది, పేట మొత్తానికి అత్తే. ఆవిడకి మోకాళ్లు పోయాయి. కోడలికి నెలలు నిండుతున్నాయి. రోడ్డు అవతల పెట్రోలు బంకు వెనక ఉన్న కుళాయి నుంచి ఆ నిండు చూలాలే బిందెలు మోస్తోంది.

"పురుడొచ్చేలోపు గుమ్మంలోకి నీళ్లు తెప్పించలేకపోతే ఇంక నా అత్తరికం ఎందుకు బాబూ" అని, నన్ను తోడు తీసుకుని ఆ నేలమాళిగకి బయల్దేరింది.

అక్కడి ఉపరితల వర్గీకరణాధికారి మర్యాద తెలిసినవాడు. అత్తని కూర్చోబెట్టి, కంప్యూటరు తెర మీద మా పేట చూపించాడు. నిజం చెప్పొద్దూ, చెరువు ముచ్చటగా ఉంది.

"చూశారా అమ్మా. చెరువుకి కుళాయి కనెక్షను ఎలా ఇవ్వమంటారు? రేపు ఆడిటువాళ్లు నన్ను అడగరూ?"

"చెరువు కాదు సార్, మా ఇళ్లు."

"చెరువులో ఇళ్లంటే ఆక్రమణ కిందికొస్తుంది. ఆ మాట నేను విననట్టే. పోనీ, మీకు పట్టాలున్నాయా?"

"ఎందుకు లేవు సార్, ఇంటింటికీ ఉన్నాయి."

అధికారి లేచి నిలబడ్డాడు. మా పేటలో ఇంటిస్థలానికి హక్కుపత్రం ఉన్న మనిషిని ఆయన తన ఉద్యోగంలో చూసి ఎరగడు.

"అందరికీనా? ఎవరిచ్చారు?"

"ఎవరిస్తారు సార్, కొనుక్కున్నాం. మొన్న గాలివానకి మాది చిరిగితే మిషను మీద వేసి కుట్టాను."

"పట్టా కుట్టారా?"

"రెండు వరసలు వేశాను. ఇప్పుడు చుక్క కారదు."

ఆయన మెల్లగా కూర్చున్నాడు. నీటి వ్యవహారం కాబట్టి కాసేపు నీళ్లు నమిలాడు.

"ఒక్కసారి వచ్చి చూడండి సార్. బస్సెక్కితే ఎంతసేపు?" అంది అత్త.

"నేను వచ్చి చూస్తే అది నా అభిప్రాయం అవుతుందమ్మా. ఉపగ్రహం చూస్తేనే సమాచారం. ఒక పని చెయ్యండి. రంగు మార్చండి. నీలం తప్ప ఏదైనా పరవాలేదు."

ఈ చివరి మాట సదుద్దేశంతోనే అన్నాడని ఇప్పటికీ నమ్ముతున్నాను.

లారీల షెడ్లలో పాత పట్టాలు దొరికాయి. అన్నీ ఆకుపచ్చవి. చిరుగులు లేనిది ఒక్కటీ లేదు. అత్త వాటిని అతుకులు వేసి, పేట మొత్తానికీ కుట్టింది. మోకాళ్లు పోయిన మనిషి మిషను తొక్కుతూనే ఉంటే పక్కనే నా గదిలో కూర్చుని ఆ చప్పుడు వినలేక లేచి వెళ్లి ఆపమన్నాను. వద్దంటే వినదు. "కుళాయి వచ్చాక కాళ్లు చాపుకుంటాలే" అంటుంది.

కొత్త ఫొటో వచ్చింది. చెరువు ఎండిపోయినందుకు కమిషనరు గారు విచారం ప్రకటించి, అదే కాగితంలో కింద, ఆ స్థలంలో దట్టమైన పార్కు వెలిసినందుకు హర్షం ప్రకటించారు. పార్కుకి కుళాయి మంజూరు కాదు. కానీ ఎండలు ముదిరాయి కాబట్టి మొక్కలు వాడిపోకుండా రోజూ ట్యాంకరుతో తడపాలని ఆదేశించారు.

ట్యాంకరు వచ్చింది. డ్రైవరు పైపు పట్టుకుని మా ఇళ్ల కప్పుల మీద నీళ్లు చిమ్మడం మొదలుపెట్టాడు.

"అయ్యా, ఆ నీళ్లేవో ఇలా బిందెలో పట్టకూడదా?" అంది అత్త.

"మొక్కలకి పొయ్యమన్నారమ్మా. మనుషులకి పోస్తే నా ఉద్యోగం పోతుంది."

అత్త లోపలికి వెళ్లి డ్రమ్ములు తెచ్చి చూరు కింద వరసగా పెట్టింది. పేటంతా అదే పని చేసింది. ఆ రోజు నుంచి కోడలు రోడ్డు దాటలేదు. ఆడపిల్లని కంది. పిల్లకి మొదటి స్నానం చూరునీళ్లతోనే జరిగింది.

మొన్న ఉద్యానశాఖవాళ్లు వచ్చి ఈత బోర్డు పీకేసి, సరిగ్గా అత్త గుమ్మం ముందు కొత్త బోర్డు పాతారు. అత్త మనవరాలిని ఒళ్లో వేసుకుని, కాళ్లు చాపుకుని గడప మీద కూర్చుని ఉంది.

"ఏం రాశారు బాబూ?"

"తొక్కరాదు అని రాశారత్తా."

మా పేటకి ప్రభుత్వం రాతపూర్వకంగా ఇచ్చిన మొదటి హామీ అదే.